చింతగింజలతో ఒక లోకం

కంప్యూటర్ ఆటల్లో కొండలు, కోటలు, రాక్షసులు కనిపిస్తారు. ఆ బొమ్మల వెనుక ఉన్నవి మాత్రం కొన్ని అంకెలు, కొన్ని నియమాలు. ఆటగాడు ఒక పని చేయగానే నియమం ప్రకారం అంకె మారుతుంది. దాన్నిబట్టి తెర మీది లోకమూ మారుతుంది. ఇటువంటి కల్పిత లోకాన్ని కంప్యూటర్ లేకుండా చింతగింజలతో కూడా నిర్మించవచ్చు. ఎలాగో చూద్దాం.

మన లోకం అనంతపురం ప్రాంతంలోని ఒక పల్లె అనుకోండి. అక్కడ ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నేల అడుగున గ్రానైటు వంటి గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలోను, పైన శిథిలమైన పొరలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఇరుగుపొరుగు బోర్లన్నీ తోడేది ఆ నీటినే.

50 గింజలు కుప్ప పోయండి. అదే భూగర్భజలం. అయిదుగురు రైతులుగా కూర్చోండి. ఒకరికొకరు చెప్పుకోకుండా ఏటా ఒక పంటను ఎన్నుకోవాలి. వేరుశనగకు 1 గింజ నీరు, 3 రూపాయల రాబడి. వరికి 3 గింజల నీరు, 5 రూపాయల రాబడి. ఏడాది చివర వాన 5 గింజలను కుప్పలో చేరుస్తుంది. ఈ అంకెలు ఆట కోసం మనం అనుకున్నవే. ఆట పదేళ్ళు సాగుతుంది. కుప్ప ఖాళీ అయితే అక్కడితో ఆగిపోతుంది.

అందరూ వరి వేస్తే ఏటా 15 గింజలు పోయి, 5 చేరతాయి. అయిదో ఏట 10 గింజలే ఉంటాయి; అవి అందరి వరికీ చాలక కుప్ప ఖాళీ! అంతకుముందు నాలుగేళ్ళలో ఒక్కొక్కరికి దక్కేది 20 రూపాయలు. అందరూ వేరుశనగ వేస్తే పోయినంత నీరు తిరిగి చేరుతుంది. పదేళ్ళకు ఒక్కొక్కరికి 30 రూపాయలు వస్తాయి, 50 గింజలూ మిగులుతాయి.

మరి నలుగురు వేరుశనగ వేస్తుండగా ఒక్కడే వరి వేస్తే? అతనికి పదేళ్ళలో 50 రూపాయలు! కుప్పలో మాత్రం 30 గింజలే మిగులుతాయి. అతన్ని చూసి మిగతావారు ఊరుకుంటారా? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోని గట్టి రాతి నేలల గ్రామాల్లో స్వచ్ఛంద సంస్థలు ఇటువంటి ఆటనే రైతులచేత ఆడించాయి. ఆ ఫలితాలు 2016లోను, 2018లోను ప్రచురితమయ్యాయి. పంటకూ నీటిమట్టానికీ ఉన్న సంబంధం కళ్ళకు కట్టినప్పుడు రైతులు ఒకరికొకరు సహకరించగలరని తేలింది. ఆట ఆడిన గ్రామాల్లో నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడం, వాడకానికి నియమాలు చేసుకోవడం ఆడని గ్రామాలకన్నా ఎక్కువగా కనిపించింది. అయితే ఆట ఒక్కటే భూగర్భజలాన్ని కాపాడలేదని కూడా ఆ పరిశోధకులు చెప్పారు.

మీరు ఈ ఆటను రెండుసార్లు ఆడండి. మొదటిసారి మాట్లాడుకోకుండా, రెండవసారి ముందుగా అందరూ కూడబలుక్కుని. రెండుసార్లూ మిగిలిన గింజలు లెక్కపెట్టి, తేడాకు కారణం మీ నోటు పుస్తకంలో రాయండి.