కూరగాయలు రుచింపని వారి భోజనము

మధ్యాహ్న భోజనమైన పిమ్మట విద్యార్థి వసతిగృహమున కంచముల అంచులను పరికించినవారికి ఒక సంగతి తేటపడును. అన్నము మిగులదు, పప్పు మిగులదు, పచ్చడి యసలే మిగులదు. మిగులునవి కాకరకాయ ముక్కలు, బెండకాయ ముక్కలు, తోటకూర కాడలు, వానితోపాటు కరివేపాకు. అక్కఱ తీరినంతనే విడిచివేయబడిన మనుష్యుని కూరలో కరివేపాకుతో పోల్చుట మన భాషలో నానుడి యైనది. కావున ఈ యలవాటు నేటి బాలురు క్రొత్తగా కనిపెట్టినది కాదు.

కూరలు తినుడు, ఆరోగ్యముగా నుందురు అని బోధించుట సులభము. అట్టి బోధలు మన బాలబాలికలు లెక్కలేనన్ని వినియున్నారు, వినియు తినుటలేదు. అందుచే మేమిచ్చట వేఱొక ప్రశ్నను విచారింప దలచితిమి. కూరగాయలు నిజముగా రుచింపని విద్యార్థి, దినదినము తన నాలుకతో కలహింపక, మంచి భోజనము చేయుట యెట్లు?

మొదట పెద్దలకు ఒక మనవి. అరుచి యనునది అవిధేయత కాదు. 1931లో అమెరికా దేశమున డూపాంట్ కంపెనీవారి ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పొడిని సీసాలో పోయుచుండగా కొంత పొడి గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహోద్యోగి అది మిక్కిలి చేదుగా నున్నదని ఫిర్యాదు చేసెను. ఫాక్సునకు మాత్రము ఏ రుచియు తోచలేదు. ఇద్దఱును ఆ పొడిని నాలుకపై వేసికొని చూచిరి. ఒకరికి చేదు, ఒకరికి ఏమియు లేదు. తరువాత అనేకులను పరీక్షింపగా, ఆ చేదు కొందఱికి తెలియుననియు, కొందఱికి తెలియదనియు, ఈ భేదము తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుననియు తేలినది. 2003లో దానికి మూలమైన జన్యువును గూడ గుర్తించిరి. కేబేజీ, ముల్లంగి, ఆవాలు మొదలగు జాతులలో అట్టి చేదు పదార్థములే యున్నవి. కావున ఒకే పీటల వరుసను కూర్చున్న అన్నదమ్ములలో ఒకనికి కేబేజీ కూర కమ్మగా నుండి, రెండవవానికి చేదుగా నుండవచ్చును. ఇద్దఱును సత్యమే పలుకుచున్నారు. మఱియు పిల్లలకు చేదు పెద్దలకంటె హెచ్చుగా తెలియును. తండ్రికి చేదనిపించని కాకరకాయ కుమారునికి మందువలె నుండుటకు కారణమిదియే.

అట్లయిన తినకున్న నేమి అందురా? దీనికి మన ప్రాంతమువారి చరిత్రయే ఒకటి గలదు. భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నగారు స్ప్రూ అను గ్రహణి రోగముచే మరణించిరి. సుబ్బారావుగారికిని ఆ రోగమే సోకెను గాని ప్రాణములతో బయటపడిరి. ఆ రోగమున ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనజాలవు. రక్తము క్షీణించి మనుష్యుడు ఎండిపోవును. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున ముగ్గురు శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూరనుండి అత్యల్పమైన యొక పదార్థమును వేఱుచేసి, ఆకు అను నర్థముగల లాటిన్ మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. అప్పటికి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడుపుచున్న సుబ్బారావుగారి నాయకత్వమున అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ పదార్థమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకును, ఒక విధమగు రక్తహీనతకును ఔషధమైనది. ఆకుకూరలు తినకపోవుటచేతనే స్ప్రూ వచ్చునని మేము చెప్పుటలేదు. మనము కంచము అంచునకు నెట్టివేయు ఆకులో ఉన్న పదార్థము లోపించినప్పుడు దేహమెట్లు కూలునో చూపుటకే యీ కథ చెప్పితిమి.

ఆకుకూరలలోను, గుమ్మడి, కేరట్ వంటి పసుపుపచ్చని కాయలు దుంపలలోను ఉండు కెరోటిన్ దేహములో ఏ విటమినుగా మారును. ఆ విటమిను చాలనిచో రేచీకటి కలుగును. ముదిరినచో కన్నులే పోవును. దీనిని నివారించుటకే మన దేశమున 1970లో పసిపిల్లలకు ఏ విటమిను మందును పోయు పథకము మొదలైనది. రక్తహీనత మాట మఱింత దగ్గఱిది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికిని, బాలురలో నూటికి 31 మందికిని రక్తహీనత కనబడినది. తరగతిలో కునికిపాట్లు పడు విద్యార్థి సోమరియే యని మనము తొందరపడి తీర్పు చెప్పరాదు.

ఎంత తినవలెనను విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పండ్లు, కూరగాయలు కలిపి దినమునకు 400 గ్రాములకు తక్కువ కారాదనిరి. బంగాళాదుంప ఈ లెక్కలోనికి రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో కూరగాయలే 400 గ్రాములు, పండ్లు మఱియొక 100 గ్రాములు ఉండవలెనని యున్నది. ఈ అంకెలను చూచి బెదరవలదు. రెండు చెంచాల కూర తినువానికి 400 గ్రాములు కొండవలె కనబడుట సహజము. అతడు ఈ నెలలో రెండు చెంచాలను నాలుగు చేసికొన్నచో చాలును.

ఇక ఉపాయములు. కూర రుచింపదని చెప్పువానిని, దానిలో ఏమి రుచింపదని అడుగవలెను. ఈ ప్రశ్న సాధారణముగా ఎవరును అడుగరు. ఒకనికి చేదు సహింపదు, ఒకనికి వాసన, ఒకనికి జిగురు, మఱియొకనికి పంటిక్రింద చిక్కు పీచు. రోగము వేఱైనప్పుడు మందును వేఱుగానే యుండవలెను గదా.

చేదునకు విరుగుడు మన తల్లులకు ఏనాడో తెలియును. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాచి కొంతసేపుంచి పిండినచో చేదు రసము చాలవఱకు దిగిపోవును. పిమ్మట చింతపండు పులుసు, బెల్లము చేర్చి ఉడికించినచో, కాకరకాయ పేరు విన్నంతనే లేచిపోవువాడు గూడ మారు వడ్డన అడుగును. నాలుకపై ఉప్పు చేదును అణచునని శాస్త్రజ్ఞులు ప్రయోగముచే చూపియున్నారు. అయినను ఉప్పు మితముగానే యుండవలెను.

వాసన సంగతి వంటవాని చేతిలో నున్నది. కేబేజీని ఎంతసేపు ఉడికించిన అంతగా గంధకపు వాసన పుట్టును. దానిని సన్నగా తరిగి, పోపులో వేసి, ముక్క కొంచెము కరకరలాడుచుండగనే దింపినచో ఆ వాసన యుండదు. పెద్ద గంగాళమున గంటసేపు ఉడికిన కేబేజీని తినలేని బాలుని మేము నిందింపము. బెండకాయ జిగురు సహింపనివారు కాయలను ముందుగా కడిగి, తడి బొత్తిగా ఆరిన పిమ్మట తరిగి, మూతపెట్టక వేయించవలెను. లేదా పులుసులో వేయవలెను. పులుపు జిగురును విఱుచును.

పీచు గిట్టనివారికి ఱోలున్నది. మన తెలుగు వంటలో కూరగాయలు తిననివారికొఱకే పుట్టినదా యనిపించు వంటకము ఱోటిపచ్చడి. బీరకాయ పొట్టు, ఆనపకాయ, దోసకాయ, వంకాయ, టొమాటో, కొత్తిమీర, ఏదియైనను ఱోట పడినచో దాని రూపము మాసిపోవును; కారము, పులుపు, ఇంగువ దాని దోషములను కప్పివేయును. ఆకుకూర ముట్టనని భీష్మించు బాలుడే గోంగూర పచ్చడికొఱకు కొట్లాడును. గోంగూర ఆకుకూర కాక మఱేమి? ఈ సంగతి అతనికి చెప్పవలెనా వద్దా యనునది తల్లుల విచక్షణకు విడుచుచున్నాము. ఆకుకూరపప్పును ఇట్టిదియే. తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర కందిపప్పులో మెత్తగా కలిసిపోయినపుడు ఆకును వేఱుచేసి అంచునకు నెట్టుట ఎవరి తరమును కాదు. కరివేపాకును, మునగాకును నీడన ఎండబెట్టి వేయించి పొడిచేసి ఉంచినచో మొదటి ముద్దకు చాల రుచిగా నుండును. అయితే ఏడాదిపాటు నిలువయుండు ఊరగాయను కూరగాయగా లెక్కింపరాదు. అందులో ఉప్పును నూనెయు హెచ్చు, తినునది కొంచెము.

ఇచ్చట రెండు చిన్న సంగతులు గమనింపదగినవి. కెరోటిన్ దేహమునకు పట్టుటకు కొంత కొవ్వు కావలెను. కావున ఆకుకూరపప్పుపై వేసికొను చెంచా నేయి కేవలము రుచికొఱకే కాదు. ఆకులలోని యినుము సులభముగా వంటబట్టదు. పప్పు దింపిన పిదప నిమ్మరసము పిండినచో బాగుగా పట్టును, భోజనముతో టీ త్రాగినచో పట్టదు. రక్తహీనత గలవారు ఆకుకూరలనే నమ్ముకొనక వైద్యుని చూడవలెను.

వంట మార్చినను కొందఱు ముట్టరు. వారివిషయమున బలవంతము చేయుటకంటె కెప్టెన్ కుక్ అను నావికుని ఉపాయము మేలు. ఆయన 1768లో ఎండెవర్ అను నౌకపై ఇంగ్లండునుండి బయలుదేరినపుడు, నావికులకు స్కర్వీ వ్యాధి రాకుండుటకై పులియబెట్టిన కేబేజీని పీపాలతో తీసికొనిపోయెను. నావికులు దానిని ముట్టమనిరి. కుక్ వారిని దండింపలేదు. దినదినము దానిని వండించి అధికారుల బల్లపై వడ్డింపజేసి, అధికారులందఱును దానిని తినుటకు అనుమతించెను. నావికులకు మాత్రము తినుటయు మానుటయు వారి యిష్టమునకే విడిచెను. వారము తిరుగకముందే నావికులు ఎగబడి తినసాగిరి. మనిషికి ఇంతయని పంచవలసి వచ్చినదని 1769 ఏప్రిల్‌లో ఆయన తన దినచర్యలో వ్రాసికొనెను. తాము వంకాయను విడిచి కుమారుని మాత్రము తినుమని గద్దించు తండ్రులు ఈ కథను రెండుమార్లు చదువవలెనని కోరుచున్నాము. ఉపాధ్యాయులమైన మాకును ఇది వర్తించును.

మఱియొక సంగతి. క్రొత్త రుచి ఒక్కమారు నోట పెట్టినంతనే యిష్టము కాదు. పిల్లలు ఒక కూరను అంగీకరించుటకు పదిమార్లో, పదునైదుమార్లో రుచిచూడవలసియుండును. తల్లులు సాధారణముగా మూడవ మారునకే, వీడు తినడు అని నిశ్చయించి మానుదురు. ప్రతిమారు ఒక గోరంత ముక్క చాలును. నచ్చనిచో విడుచుటకు స్వేచ్ఛ యుండవలెను. తిన్నచో మిఠాయి ఇచ్చెదమని ఆశపెట్టరాదు. మిఠాయి కొఱకు కూర తిన్న బాలునికి, కూర చెడ్డది గనుకనే లంచమిచ్చుచున్నారని తోచును.

ఇంతచేసినను కొన్ని కూరలపై అయిష్టము జీవితాంతము నిలువవచ్చును. దానికి విచారింప నక్కఱలేదు. కాకరకాయ తినక పోయినంతమాత్రమున ఎవరును చెడరు; కూరలన్నిటిని విడిచినప్పుడే చిక్కు. అట్టివారు పండ్లతో కొంత లోటు పూరించుకొనవచ్చును. జామపండులో నారింజపండులోకంటె సుమారు నాలుగింతలు సి విటమిను గలదు, వెలయు తక్కువ. బొప్పాయి, మామిడి పండ్లలో కెరోటిన్ ఉన్నది. మొలకెత్తిన పెసలు, వేరుసెనగలు, రాగులు, జొన్నలు కూరలకు బదులు కాకున్నను, పీచును, మఱికొన్ని సారములను ఇచ్చును. బంగాళాదుంప వేపుడు మాత్రమే కూరయని తలచువారు అన్నముతో అన్నమునే కలుపుకొని తినుచున్నారు. విటమిను మాత్రలు వైద్యుడు చెప్పినప్పుడు మంచివే గాని, వానిలో పీచు లేదు.

తాము పెంచిన మొక్కను తినుటకు పిల్లలు వెనుదీయరని మా అనుభవము. తోటకూర విత్తులు చల్లిన మూడు నాలుగు వారములలో కోతకు వచ్చును. దానికి రెండు బారల నేల చాలును, అదియు లేనిచో పాత తొట్టి చాలును. తొలకరిలో నాటిన మునగకొమ్మ కొద్ది నెలలలోనే ఆకు నిచ్చును. వర్షములు మొదలైన వెంటనే పాఠశాల వెనుకటి దొడ్డిలో మళ్ళు కట్టదలచితిమి. మడి కావలసిన విద్యార్థులు తమ తరగతి ఉపాధ్యాయుని యొద్ద పేరు వ్రాయించుకొనవచ్చును. ఏ కూర తనకు బొత్తిగా గిట్టదో గూడ ఆ పేరు ప్రక్కనే వ్రాయింపవలెను.