గర్భస్రావానంతర చికిత్స: మనస్సునకు నచ్చిన మార్గము

ప్రశ్న: తొమ్మిదవ వారమున గర్భము నిలువలేదు. మాత్రలా, శుభ్రపరచుటా అని వైద్యురాలు అడిగినది. బొప్పాయి తిన్నందుననే ఇట్లయినదని అత్తగారందురు. నిద్ర పట్టుట లేదు.
— ఒక సోదరి, మామిడికుదురు

జవాబు: అమ్మా, బొప్పాయి తిన్నందున గాని, బిందె మోసినందున గాని ఇది జరిగినదని తలపవలదు, తొలి మాసముల గర్భస్రావములలో సుమారు సగము పిండపు క్రోమోజోముల లోపము వలననే సంభవించును, ఈ మాట అత్తగారికి వైద్యురాలిచేతనే చెప్పింపుడు. వేచియుండుట, మాత్రలు, శుభ్రపరచుట అను మూడు మార్గములను బ్రిటనులో 1200 మంది స్త్రీలయందు పోల్చి 2006లో ప్రకటించిన అధ్యయనమున ఇన్‌ఫెక్షను మూడింటను నూటికి రెండు మూడే. తరువాతి సంతానప్రాప్తియందును భేదము కానరాలేదు. కావున జ్వరము, అధిక రక్తస్రావము లేనంతవరకు మీ మనస్సే ప్రమాణము: ఇంటి ఏకాంతమును కోరునామెకును, రక్తమును చూచి తాళజాలనామెకును, పూర్వమొక బిడ్డను పోగొట్టుకొన్నామెకును ఊరట ఒకే దారిని లభింపదు. మాత్రలనే ఎంచుకొన్నచో, వైనతేయ నదిని దాటి అమలాపురములోని ఆసుపత్రికి చేరవలసిన మీకు రాత్రివేళ వాహనము సిద్ధముగా నుండవలెను. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున రెండు గంటలు తడిసినచో క్షణము జాగు చేయరాదు. మీ రక్తవర్గము నెగటివ్ అయినచో ముందే వైద్యురాలికి తెలుపుడు. ఉద్యోగినియైనచో చట్టము ననుసరించి ఆరు వారముల వేతనసహిత సెలవు కలదు. దుఃఖము రెండు వారములు దాటియు నిద్రాహారములను హరించుచున్నచో మానసిక సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయుడు. తెలుగులోనే మాటాడుదురు, రుసుము లేదు.