సంతకం నిజమే, పెట్టిందెవరు?

ఆళ్లగడ్డ శిల్పికి అమెరికాలోని ఓ గుడి కమిటీ విగ్రహం ఆర్డరిచ్చిందనుకుందాం. డబ్బు ముందిస్తే పని కాదేమోనని వాళ్ల భయం. పని ముందు చేస్తే డబ్బు రాదేమోనని ఈయన భయం. సొమ్మును మధ్యవర్తి దగ్గర ఉంచడమే ఎస్క్రో. బిట్‌కాయిన్‌లో దీన్ని మూడు కీలతో నడపొచ్చు. కొనేవారు, అమ్మేవారు, మధ్యవర్తి... వీరిలో ఏ ఇద్దరు సంతకం చేసినా సొమ్ము కదులుతుంది. మధ్యవర్తి ఒక్కడే కాజేయలేడు.

మరి మధ్యవర్తినంటూ మెసేజ్ పెట్టినవాడు నిజంగా ఆయనేనా? రహస్యంగా దాచుకునే ప్రైవేట్ కీతో చేసిన సంతకాన్ని, అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడొచ్చు. అయినా మోసపోతారు. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో తానేనంటూ 2016లో క్రెయిగ్ రైట్ ఓ సంతకం బయటపెట్టాడు. అది అసలైనదే, కాకపోతే 2009 నాటి లావాదేవీలోంచి ఎత్తుకొచ్చింది! అందుకే తెలిసినవాళ్లు పాత సంతకాన్ని ఒప్పుకోరు. ఆనాటి తేదీతో కొత్త వాక్యమిచ్చి దానిమీద చేయమంటారు. రైట్ సతోషి కాడని లండన్ హైకోర్టు 2024 మార్చిలో తేల్చింది.

అదే ఏడాది జులై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. ఒకరి సంతకంతో తెరుచుకునే వ్యాలెట్ కాదది. తెరమీద కనబడింది ఒకటి, సంతకాలు పడింది మరోదానిమీద అని కంపెనీయే చెప్పింది.

సంతకం నిజమైనా మోసం దూరే ఈ సందులోనే ఉద్యోగాలు పుట్టేది. కాయిన్ల కొనుగోలు, అమ్మకాల్లో కాదు. కోడింగ్ వచ్చినవారికి వ్యాలెట్ సెక్యూరిటీ, స్మార్ట్ కాంట్రాక్ట్ ఆడిట్ ఉన్నాయి. 2023 మార్చిలో క్రిప్టో సంస్థలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి కనుక కేవైసీ చూసేవాళ్లూ, అనుమానాస్పద లావాదేవీలను పట్టేవాళ్లూ కావాలి. బ్యాంకు కోచింగులకు పేరుపడ్డ నంద్యాల కుర్రాళ్లకు ఇది మరీ పరాయి పనేమీ కాదు. ఇలాంటి సంతకాల పని ఊళ్లోనే చూడాలంటే ఆన్‌లైన్ టెండర్లున్నాయి. వాటికి డిజిటల్ సిగ్నేచర్ కావాలి, 2000 నాటి ఐటీ చట్టం దానికి విలువిచ్చింది. ఆ సంతకముండే టోకెన్‌నూ, దాని పిన్‌నూ కలిపి ఆపరేటర్ చేతిలో పెట్టే కాంట్రాక్టరుకు మాత్రం ఏ చట్టమూ అక్కరకు రాదు.

చదువుకు ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో బ్లాక్‌చెయిన్ పాఠాలు ఉచితం. కేంద్ర సంస్థ సీ-డాక్ ఇచ్చే సెక్యూరిటీ డిప్లొమాకు సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇంట్లో జీపీజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఓ ఫైలుపై సంతకం చేసి, ఒక్క కామా మార్చి సరిచూస్తే ‘బ్యాడ్ సిగ్నేచర్’ అంటుంది. స్నేహితుడి ఫైలు సరిచూస్తే ‘గుడ్ సిగ్నేచర్’ అంటూనే, ఈ కీ ఆయనదేననడానికి ఆధారం లేదని హెచ్చరిస్తుంది. అప్పుడు స్నేహితుడికి ఫోన్ చేసి, కీ ఫింగర్‌ప్రింట్‌లోని 40 అక్షరాలనూ చదివించుకుని పోల్చుకోవాలి.