పాత సానయంత్రమును గుర్తించుట

వడ్రంగిశాలలో మూలబడిన పాత యంత్రమునకు, చేసినవారి పేరుగల పలక ఊడిపోయినచో దాని నెట్లు గుర్తింపవలెను? అది యే పనిముట్టును పట్టుకొనునో, దేనిని కదల్చునో మొదట చూడవలెనని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.

రంపమును బిగించి యొక్కొక్క పంటికి ముందునకు జరుపు పట్టెయు, ముందువెనుకలకాడు ఆకురాయియు నున్నచో నది రంపపుపండ్లను పదునుచేయు యంత్రము. అమెరికా దేశమున మినియాపొలిస్ నగరమందలి ఫోలీ కంపెనీవారు చేసినవి యిట్టివే.

తిరుగు చక్రమున్నచో నది ఉలులకును బాడిసలకును సానపట్టునది. అప్పుడు రాతిని పరీక్షింపవలెను. పెద్ద యిసుకరాయి, నీటితొట్టి, కాలితో త్రొక్కు పలక యున్నచో నది మెల్లగా తిరుగవలసినది. మోటారుతో వేగముగా తిరుగు చిన్నచక్రములు కృత్రిమశిలలు. వానిలో నొకటగు కార్బోరండమును 1891లో ఆచెసన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొనెను.

ఈ భేదము ప్రాణములకు సంబంధించినది. ఇసుకరాతిని మోటారుకు తగిలించి అతివేగముగా త్రిప్పినచో పగిలి ముక్కలు మీదికెగయవచ్చును. కృత్రిమశిలను సైతము బిగింపకముందు కొయ్యపిడితో మెల్లగా తట్టవలెను. ఖంగున మ్రోగక బొంగురుగా పలికినచో బీటవారినదని యెరిగి విడువవలెను.

విద్యార్థులారా! యంత్రము పేరు తెలియకున్నను కొరతలేదు. దాని పని తెలియక మాత్రము త్రిప్పకుడు.