గండభేరుండానికి ఆకలి వేస్తే?



ముందు నా తప్పు ఒకటి చెబుతాను. పోయినేడాది ఏడో తరగతి సైన్స్ నోట్‌బుక్స్ దిద్దుతుంటే, ఒక పాప నోట్‌బుక్‌లో జీర్ణవ్యవస్థ పటం పక్కన రెండు తలల పక్షి బొమ్మ కనిపించింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, "పేజీలు వేస్ట్ చేయకు, పేరెంట్ సైన్ తీసుకురా" అని రాశాను. సంతకం వచ్చింది. ఆ తర్వాత ఆ పాప క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. కొన్ని వారాల తర్వాత అదే పేజీ మళ్లీ నా చేతికొచ్చింది. బొమ్మ కింద చిన్న అక్షరాలతో రాసింది అప్పుడు చదివాను: "తలలు రెండు, పొట్ట ఒకటి. మరి ఆకలి ఏ తలకి వేస్తుంది?"

మరుసటి రోజు పాపకి సారీ చెప్పి, ఆ ప్రశ్ననే బోర్డు మీద రాశాను. మేం నేర్చుకున్నది ఇదీ.

ఆకలి ఎవరికి? ఆకలి కబురు నరాల ద్వారా, రక్తంలోని హార్మోన్ల ద్వారా మెదడుకి చేరుతుంది. రక్తం ఒకటే కాబట్టి రెండు తలలకూ ఆకలి తెలియాలి. రుచి మాత్రం తిన్న తలకే! పంచతంత్రంలో ఇలాంటి పక్షి కథ ఉంది. ఒక తల తీయని పండు పంచుకోలేదని రెండో తల కోపంతో విషం తింటుంది. పక్షి చనిపోతుంది. కథ చెప్పిన నీతి వెనక జీవశాస్త్రం కూడా సరిపోయింది.

ఏనుగుని ఎత్తగలదా? బొమ్మల్లో గండభేరుండం ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది. ఒకే సైజు బ్లాకులు 8 తీసుకుని పెద్ద ఘనంగా పేర్చండి. పొడవు 2 రెట్లు, ఒక్కో ముఖం వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు అవుతుంది. పక్షి పెరిగినా అంతే. రెక్కల వైశాల్యం కన్నా బరువు త్వరగా పెరుగుతుంది. అందుకే నేడు ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవి కూడా సుమారు 20 కిలోల దగ్గరే ఆగిపోతాయి. పెద్ద ఏనుగు 3,000 కిలోలు దాటుతుంది.

మరి ఎందుకు ఊహించారు? విజయనగర రాజు అచ్యుతదేవరాయలు (1529–1542) తన నాణేలపై ఈ పక్షిని ముద్రించాడు. ఆ రోజుల్లో ఏనుగంటే సైన్యబలం. ఏనుగుల్నే పట్టుకునే పక్షి నాణెం మీద ఉంటే, రాజు ఏం చెప్పదలిచాడో పిల్లలే చెప్పేశారు. ఈ పక్షి నేటికీ కర్ణాటక రాష్ట్ర చిహ్నంలో ఉంది.

ఈ ఆదివారం మీ పిల్లల్ని ఒక వింత జీవిని గీయమనండి. తర్వాత ఇవి అడగండి:

1. అది ఏం తింటుంది? పళ్లు అందుకు తగ్గట్టున్నాయా?
2. ఎక్కడ బతుకుతుంది? అక్కడి ఎండకి, చలికి ఎలా తట్టుకుంటుంది?
3. గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?
4. మనుషులు దాన్ని చూసి ఏ కథ అల్లుకుని ఉంటారు?

"ఇలాంటివి నిజంగా ఉండవు" అని మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకు ఉండలేవో వాళ్లే కనుక్కుంటారు.

దీనికి మార్కులు లేవు. కానీ జీర్ణక్రియ, ఘనపరిమాణం, చరిత్ర మూడూ ఒక్క బొమ్మలో రివిజన్ అయిపోతాయి. ఇకపై నోట్‌బుక్‌లో ఇలాంటి బొమ్మ కనిపిస్తే, సంతకం పెట్టేముందు దాని కింద ఏం రాసి ఉందో ఒక్కసారి చదవండి. నేనూ చదువుతున్నాను.

మీ సైన్స్ టీచర్