ఏజెన్సీ బడిలో కొత్తగా చేరిన మాస్టారికి

పాడేరు, అరకు, సీతంపేట వైపు మీకు పోస్టింగ్ వచ్చిందంటే, వానలు మొదలవగానే మలేరియా అవగాహన కార్యక్రమం చేయమని కబురు కూడా వస్తుంది. బ్యానరు, ర్యాలీ, నినాదాలు, ఫొటో. మధ్యాహ్నం భోజనం వేళకు అంతా అయిపోతుంది. ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన తొలి ఏళ్ళలో నేనూ అలాగే చేయించాను. ఊళ్ళో ఒక్క ఇంటి అలవాటూ మారలేదు. పిల్లల నోటికి నినాదం కాకుండా చేతికి పని ఇచ్చినప్పుడే ఏదైనా కదిలింది.

ముందు దోమను చూపించండి. నిలవ నీళ్ళు పారబోసే శుక్రవారం డ్రైడే నాడు ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని గెడ్డ (కొండవాగు) అంచుకు తీసుకెళ్ళండి. గెడ్డ పొంగే రోజుల్లో మాత్రం వద్దు. ఒక తెల్ల గిన్నె, పొడుగు కాడ గరిటె చాలు. నీళ్ళు నెమ్మదిగా పారుతూ ఒడ్డున గడ్డి తడిసే చోట గరిటె ముంచి గిన్నెలో పోయండి. మీ నీడ పడకుండా నిమిషం ఆగితే దోమపిల్లలు పైకి తేలతాయి. నీటి పైపొరకు ఆనుకుని పుల్లముక్కలా అడ్డంగా పడుకున్నది మలేరియా మోసే అనాఫిలిస్ పిల్ల. దానికి గాలి పీల్చే గొట్టం ఉండదు, అందుకే అలా పడుకుంటుంది. తల కిందికి పెట్టి వేలాడేది వేరే జాతి. ఈ తేడా ఒకసారి కంటితో చూసిన పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

మలేరియా దోమ మురుగుకాలువలో పుడుతుందని మైదానం నుంచి వచ్చిన మనమే పాఠం చెబుతుంటాం. కొండ ఊళ్ళలో అది పుట్టేది తేటనీటి గెడ్డల్లో, ఊటగుంటల్లో. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఇంటి చుట్టుపక్కల నిలిచిన నీళ్ళను వారం వారం పారబోయిస్తే కొంత తగ్గుతుంది. కానీ గెడ్డను పూడ్చలేం కదా. అందుకే అసలు పని ఇంట్లో, దోమతెర దగ్గర ఉంది.

ఓసారి ఏడో తరగతి అమ్మాయి ఇంటికి వెళ్ళాను. సర్కారు ఇచ్చిన దోమతెర మడత విప్పకుండా దూలానికి వేలాడుతోంది. ఎందుకు కట్టలేదమ్మా అంటే, గోడకు మేకుల్లేవు అంది వాళ్ళమ్మ. మర్నాడు ఆ పిల్ల బడి నుంచి నాలుగు మేకులు, మూరెడు మూరెడు పురికొస ముక్కలు పట్టుకెళ్ళింది. ఆ రాత్రి నుంచి తెర కట్టారు. అడ్డం పడినవి నాలుగు మేకులు! ఏ పోస్టరూ ఆ సంగతి చెప్పదు, ఆ ఇంటి పిల్ల చెబుతుంది. అనాఫిలిస్ ఎక్కువగా పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. కనుక చీకటి పడగానే తెర దించి అంచులు చాప కిందికి దోపడం పిల్లల పనిగా పెట్టండి. మందు పట్టించిన ఆ తెర సుమారు 20 ఉతుకుల వరకు, మూడేళ్ళ దాకా పనిచేస్తుంది. బండకేసి బాదకూడదు, నీడలోనే ఆరేయాలి. పోడులో కాపలా పడుకునే నాన్నకూ ఒక తెర ఉందో లేదో అడిగి రమ్మనండి.

గోడలకు మందు కొట్టే తేదీ ముందే తెలుసుకుని పిల్లలతో కబురు పంపండి. కొట్టాక పేడతోనో మట్టితోనో అలికితే మందు కప్పబడిపోతుంది. అలుకుడు పని ముందే ముగించుకోమనాలి.

జ్వరం విషయంలో తాత్సారం వద్దు. ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు ఆశా కార్యకర్తకు చెప్పడం పిల్లల బాధ్యత. వేలి చివర రక్తపు బొట్టుతో అది మలేరియానో కాదో 15, 20 నిమిషాల్లో తేలిపోతుంది. ఫాల్సిపారం రకం మలేరియా అయితే మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. వైవాక్స్ రకం అయితే కాలేయంలో దాక్కుని మళ్ళీ లేస్తుంది, అందుకే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు ఇస్తారు. మూడో రోజుకే జ్వరం దిగిపోతుంది కాబట్టి చాలామంది మానేస్తారు. నోటుపుస్తకం వెనక 14 గళ్ళు గీయించండి. తాత మాత్ర మింగిన రోజు మనవడు ఒక గడి నింపుతాడు. మాత్ర ఇచ్చేది మాత్రం ఏఎన్ఎం, ఆశాలే. పిల్లల చేత మాత్రలు పంచించకండి, మందు కొట్టించకండి. ఇళ్ళలో తప్పులు రాసుకు రమ్మని పంపకండి, పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఆ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకోదు.

మీ తెలుగు అవ్వలకు అందకపోవచ్చు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లల్ని తమ మాటల్లోనే చెప్పనివ్వండి, సంత రోజు చెప్పిస్తే మరీ మంచిది. మీరు దిద్దకండి.

ఏప్రిల్ 25 ప్రపంచ మలేరియా దినం, కానీ అప్పటికి బడి సెలవుల్లోకి జారిపోతుంది. ఆగస్టు 20 మనకు అనువైన రోజు. 1897లో అదే రోజు మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమలను తన రక్తం తాగనిచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. పిల్లలకు ఆయన పేరు కూడా చెప్పండి. అయితే ఆగస్టు దాకా ఆగకండి, బడి తెరిచిన జూన్‌లోనే మొదలుపెట్టండి. దసరా, సంక్రాంతి సెలవుల నుంచి హాస్టలుకు తిరిగొచ్చే పిల్లల్లో జ్వరం ఉన్నవాళ్ళకు ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

గెడ్డకు వెళ్తున్నామని గురువారమే ఏఎన్ఎం గారికి ఫోన్ చేసి చెప్పండి. శుక్రవారం పొద్దున్నే గరిటె, తెల్ల గిన్నె సిద్ధంగా పెట్టుకోండి.