జాడల సేకరణ

బ్యాంకు లావాదేవీలను నడిపే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లు సాధారణంగా ఒంటరిగా పనిచేయవు. ఐ.బి.ఎం. సంస్థ 1994లో ప్రవేశపెట్టిన ప్యారలల్ సిస్‌ప్లెక్స్ విధానంలో 32 వ్యవస్థల వరకు ఉమ్మడి కుటుంబంలా మెలగుతాయి. ఖాతాదారుడు సొమ్ము బదిలీ చేసినప్పుడు ఆ పని ఒక వ్యవస్థలో మొదలై మరొక దానిలో ముగియవచ్చు. నడుమ ఆగిపోతే లోపం ఎక్కడ పుట్టినట్లు?

ప్రతి వ్యవస్థా తన నడకను అడుగడుగునా నమోదు చేసుకొంటుంది. దీనిని ఆంగ్లంలో ట్రేస్ అంటారు; 'జాడ' అనే మన మాట దీనికి చక్కగా అమరుతుంది. అయితే మెమరీలో కేటాయించిన చోటు నిండితే, తరచుగా కొత్త జాడ పాత జాడను చెరిపివేస్తుంది. కాబట్టి లోపం కనబడిన వెంటనే అన్ని జాడలనూ ఒకచోటికి చేర్చాలి. ఒక్క వ్యవస్థ జాడను చూస్తే అది దేనికోసమో వేచి ఉన్నట్లు మాత్రమే తెలియవచ్చు. ఎందుకు వేచి ఉన్నదో పొరుగు వ్యవస్థ జాడ చెప్పాలి.

చేర్చినంత మాత్రాన చాలదు. గడియారాలు ఏకీభవించకపోతే ఫలితం ముందు, కారణం వెనుక కనబడతాయి! అందువల్లనే సిస్‌ప్లెక్స్‌లోని వ్యవస్థలన్నీ ఒకే కాలమానాన్ని అనుసరిస్తాయి. జెడ్/ఓఎస్‌లోని ఓపర్‌లాగ్ అనే ఉమ్మడి చిట్టా వాటి సందేశాలను కాలక్రమంలో కూర్చి చూపుతుంది. ఆ వరుసలో తొలి దోషసందేశం ఏ వ్యవస్థదో గుర్తించి, పరిశోధకుడు అక్కడినుండి వెదకడం ఆరంభిస్తాడు.